మూడింతలు చాలన్న మనిషి

ఆయన పోయిన వార్త మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పొద్దున పదిన్నరప్పుడు, గోదాము ముందు వేరుశనగ మూటల తూకం నడుస్తోంది. నిమిషంలో చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ‘ఆదర్శ అధికారి’ అని ఒకరు రాశారు. ‘నిరాడంబరుడు’ అని ఇంకొకరు. ఆ రెండో మాట రాసినతను ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన్ని ‘తిక్క మేనేజరు’ అనే పిలిచాడు.

నేను ఏ బొమ్మా పెట్టలేదు. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, విసుగు. పోయిన మనిషి మీద విసుక్కోకూడదంటారు. కానీ పదకొండేళ్ళు ఆయన కింద పనిచేశాను. అందులో ఎనిమిదేళ్ళు కేవలం ఆయన వల్ల ఉన్నచోటే ఉండిపోయాను. విసుక్కోవడానికి నాకు ఆ మాత్రం హక్కు ఉందనే అనుకుంటున్నాను.

మాది చిన్న ప్రభుత్వ నిగమం, అంటే కార్పొరేషను. రైతుల దగ్గర వేరుశనగలు, రాగులు కొని గోదాముల్లో పెట్టి, పైవాళ్ళు చెప్పినచోటికి లారీల్లో పంపడం మా పని. చింతామణి శాఖకు ఆయన మేనేజరు. ఆయన కింద నేను అసిస్టెంటు మేనేజరును. ఆయన పైన చిక్కబళ్ళాపురంలో జిల్లా మేనేజరు, అందరి పైన బెంగళూరులో ఎండీ. కొత్త పోస్టులివ్వడం ఎప్పుడో ఆపేశారు కాబట్టి, పై మనిషి కదిలితేనే కింది మనిషి కదలాలి. బస్సులో ముందువాడు దిగితేనే వెనకవాడికి దారి. ఆయన తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు.

ఎవరు కనబడినా ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటే.

“సంబళం ఎంత?”

సంబళమంటే జీతం. కన్నడ మాటే అయినా, ఇంట్లో తెలుగు మాట్లాడే మేమూ అదే అంటాం. బ్యాంకు మేనేజరును అలాగే అడిగారు. ఆడిట్‌కు వచ్చిన అధికారిని అడిగారు. గుడిబండెలో మా గుమాస్తా పెళ్ళికి వెళితే, తలంబ్రాలు పూర్తి కాకముందే పెళ్ళికొడుకును అడిగారు. ఆ అబ్బాయి బెంగళూరు కంపెనీలో పని చేస్తున్నాడు. సిగ్గుపడుతూ ఏదో అంకె చెప్పాడు. “మీ ఆఫీసులో కసువు ఊడ్చే ఆయమ్మకు ఎంత?” అని రెండో ప్రశ్న. ఆ అబ్బాయికి తెలియదు. “తెలుసుకోవల్ల కదప్పా” అని అక్షింతలు వేసి కిందికి దిగారు. పెళ్ళికూతురి తండ్రి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆయన్ని తీసుకొచ్చింది నేనన్నట్టు.

కాఫీ ఎప్పుడూ బైటూనే. ఒక కాఫీని రెండు లోటాల్లో పోయించుకుని, ఎదురుగా ఎవరుంటే వాళ్ళకు ఒకటి. నాకు నిండు లోటా తాగడం ఇష్టం. పదకొండేళ్ళలో ఆయన ముందు ఒక్కసారి కూడా నిండుగా తాగలేదు.

ఆయన సిద్ధాంతం కూడా అంతే చిన్నది. ప్రభుత్వ సొమ్ము తినే ఏ కచేరిలోనైనా సరే, అక్కడ ఊడ్చే మనిషి జీతానికి మూడింతలకు మించి ఎవరూ తీసుకోకూడదు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు ఎత్తి చూపించేవారు. “ఊడ్చే చేతికి ఒకటి. సంతకం పెట్టే చేతికి మూడు. అంతకు మించి ఏం పని చేస్తాండామమ్మా మనం?”

“మూడే ఎందుకు సార్?” అని ఒకసారి అడిగాను.

“నాలుగు ఎందుకు?” అన్నారు.

“నేను నాలుగు అనలేదు కదా.”

“ఎవురో ఒకరు అంటారులే. వాండ్లకు ముందే చెప్తాండా.”

ఇలాంటి మనిషితో వాదించడం నూతిలో చేద వేసి గిలక తిప్పడమే. తాడు బరువుగా వస్తుంది, చూస్తే చేదలో నీళ్ళుండవు.

ఇంకో మాట కూడా తరచుగా అనేవారు. “పైవాండ్లకు సంబళం పెంచుకోవద్దని నేను అంటాండానా? కప్పు ఎత్తు చేసుకోవల్లంటే ముందు గోడలు లేపండి. నారాయణమ్మకు పెంచండి, మీకు మీరే పెరుగుతారు.” నారాయణమ్మ మా ఆఫీసు ఊడ్చే మనిషి. పర్మనెంటు ఉద్యోగం, పాతికేళ్ళ సర్వీసు. ఆమె జీతాన్ని మూడుతో గుణిస్తే ఆయన జీతం దాదాపు దగ్గరకొచ్చేది. జిల్లా మేనేజరు జీతమైతే ఆ లెక్క దాటిపోయేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఎండీ మా శాఖ చూడ్డానికి వచ్చిన రోజు చెప్పాలి. పెద్దాయన, మర్యాదస్థుడు. గోదాములన్నీ తిరిగి చూసి, ఎలకల సమస్య గురించి తెలివైన ప్రశ్నలు వేసి, వచ్చి కూర్చున్నాడు. మా మేనేజరుగారు కాఫీ తెప్పించారు. బైటూ. ఎండీకి సగం లోటా ఇచ్చి, మిగతా సగం తాను పట్టుకుని, కన్నడంలో మెల్లగా అడిగారు, తమ సంబళం ఎంత సార్ అని.

నేను గోడకేసి చూశాను. ఎండీ నవ్వి, దాచేదేముంది అని చెప్పాడు. ఈయన లేచి, రోజువారీ సరుకు నిలవ రాసే నల్లబోర్డు మీద ఒక మూల ఆ అంకె రాశారు. “నారాయణమ్మా” అని పిలిచి ఆమెను అడిగారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. ఆ అంకెను దాని కింద రాసి భాగించారు. ఎనిమిది దాటింది.

ఎండీ ముఖంలో నవ్వు పోలేదు గానీ సన్నబడింది. “నేను బయట కంపెనీకి పోతే దీనికి మూడు రెట్లిస్తారు. మంచివాళ్ళు ప్రభుత్వంలో ఉండాలంటే ఇవ్వకుండా ఎలా?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నేనూ అదే అడిగేదాన్ని.

“పోయేవాండ్లను ఆపాల్సిన పని లేదు సార్. ఉండేవాండ్లతో చేసుకుందాం” అన్నారు ఈయన.

“ఉండేవాళ్ళు చేతకానివాళ్ళైతే?”

ఆయన తన సగం లోటా ఖాళీ చేసి బల్ల మీద పెట్టారు.  వారం తిరగకుండా ఆయనకు మెమో వచ్చింది, సరుకు బోర్డును సరుకుకు సంబంధం లేని విషయాలకు వాడినందుకు. దానికి జవాబు టైపు చేసింది నేను.

టైపు చేయడం గురించే చెప్పాలి. జిల్లా మేనేజరుగా బడ్తి, అంటే ప్రమోషను, ఆయనకు రావలసిన మొదటి ఏడు ఒక ఉత్తరం ఇచ్చి టైపు చేయమన్నారు. కన్నడంలో నాలుగు వాక్యాలు. తనకు బడ్తి వద్దని, ఇప్పుడున్న చోటే కొనసాగించమని. ఇంటి ఇబ్బందులేమో అనుకుని, పాపం అనుకుంటూ టైపు చేశాను. ఒక ఏడు వద్దంటే మరుసటి ఏడు మళ్ళీ అడగాలన్నది మా నిగమం నియమం. మరుసటి ఏడు మళ్ళీ అదే ఉత్తరం. అప్పుడు అర్థమైంది. ఆయన పైకి పోతే ఆయన కుర్చీ నాది. నా కుర్చీకి అడ్డం వేసే ఉత్తరాన్ని ఏటేటా నా వేళ్ళతో నేనే టైపు చేస్తున్నాను. నాలుగో ఏట కోపంతో కావాలని తప్పులు పెట్టాను. ఎర్రసిరాతో ఓపిగ్గా దిద్ది ఇచ్చారు. “వయసయితాండాది, కండ్లద్దాలు మార్చుకోమ్మా” అని కూడా అన్నారు.

నా తర్వాత చేరినవాళ్ళు వేరే జిల్లాల్లో మేనేజర్లయ్యారు. మా ఆయన స్పేర్‌పార్టుల అంగడి పెట్టి నష్టపోయాడు. పాపకు చిక్కబళ్ళాపురంలో నర్సింగు సీటు వచ్చింది, హాస్టలు ఫీజు కట్టాలి. చుట్టాల పెళ్ళిళ్ళలో “ఇంకా అసిస్టెంటేనా?” అని అడిగేవాళ్ళకు చెప్పడానికి నా దగ్గర కారణం ఉంది గానీ, చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. బడ్తి వద్దనే మనిషి ఉంటాడా?

ఆరో ఏడు ఉత్తరం టైపు చేశాను, ఆయన సంతకం చేశారు, తపాలులో వేయమని ఇచ్చారు. నేను వేయలేదు. నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. గడువు దాటింది. ఏ ఉత్తరమూ రాకపోయేసరికి ఆయన ఒప్పుకున్నట్టే లెక్కవేసి పైవాళ్ళు ప్రమోషను ఆర్డరు పంపారు. చిక్కబళ్ళాపురం జిల్లా మేనేజరు.

ఆయన ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు. మధ్యాహ్నం భోజనం వేళ, ఎవరూ లేరు.

“తపాలు పోలేదామ్మా?”

“పోలేదు సార్.”

“మరిచిపోయినావా?”

“లేదు సార్. నేనే పంపలేదు.”

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. అందుకని నేనే మొదలుపెట్టాను.

“మీరు వద్దన్న కుర్చీలోకి ఎవురొస్తాండారో చూస్తాండారా సార్? వేరే డిపార్టుమెంటు నుంచి డెప్యుటేషన్ మీద తెచ్చి కూర్చోబెడతాండారు. మీకిచ్చే దానికంటే ఎక్కువ సంబళం, దాని మీద భత్యం, కారు. మీరు వద్దంటే ప్రభుత్వానికి ఒక్క రూపాయి మిగిలిందా?”

“మిగల్లేదు.”

“మరి ఎందుకు సార్ ఇది?”

“వాడు తింటాండాడని నేనూ తినల్లనా?”

“తినొద్దు సార్. మీరు తినకుండా ఉండండి, సరే. నా సంగతేమి? మా పాప ఫీజుకు ఈ ఏడు మెడలో గొలుసు తీసి బ్యాంకులో పెట్టినా. మీ మూడింతల్లో నేను యాడుండానో ఒకసారి బోర్డు మీద రాసి చూడండి. రెండు కూడా దాటను. మీరు కప్పు కప్పు అంటాండారు. నేనుండేది మీ కప్పు కింద కాదు సార్, మీ కాలి కింద.”

ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. వచ్చేసింది. ఆయన చాలాసేపు బల్ల మీద కాగితాల బరువు రాయిని అటూ ఇటూ జరిపారు.

“నువ్వు చెప్పేది నిజమే” అన్నారు చివరికి.

మెత్తబడ్డారనుకున్నాను. 

“నిజమే గాని, దానికి నేను బడ్తి తీసుకునేది మందు కాదమ్మా” అని లేచి వెళ్ళిపోయారు.

మరునాడు తెల్లవారి మొదటి బస్సుకు బెంగళూరు వెళ్ళి, కొత్త ఉత్తరం చేత్తో రాసి స్వయంగా ఇచ్చి వచ్చారు. ఉత్తరం ఎందుకు ఆలస్యమైందని అక్కడ అడిగారట. తన నిర్లక్ష్యమేనని చెప్పారు. దానికి ఇంకో మెమో. ఆ మెమోను ఆయన ఫైల్లో కుట్టింది నేను. అది కుడుతున్నప్పుడు ఒళ్ళు మండిపోయింది. నాలుగు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. నా తప్పు ఆయన మీద వేసుకుని, నా కుర్చీ మాత్రం ఇవ్వకుండా, మళ్ళీ పదకొండు గంటలకు బైటూ కాఫీ తెప్పించి నా ముందు సగం లోటా పెట్టారు. ఏం చేయాలి ఆ మనిషిని?

తాగాను. ఇంకేం చేస్తాను?

నారాయణమ్మ రిటైరయ్యాక లెక్క తలకిందులైంది. ఆ పోస్టు తీసేశారు. ఊడ్చే పని కాంట్రాక్టుకిచ్చారు. ఏజెన్సీ వాళ్ళు మునెమ్మ అని చుట్టుపక్కల పల్లె మనిషిని పంపారు. ముప్పై దాటని మనిషి, ఒక ఆడపిల్ల తల్లి. మొదటి రోజే ఆయన ప్రశ్న ఆయన అడిగారు. ఆమె చెప్పింది. నారాయణమ్మ జీతంలో సగం కూడా లేదు.

ఆయన బల్ల మీద వేలితో ఏదో రాసుకున్నారు.  ఆయన జీతం ఒక్క పూటలో మూడింతలు కాస్తా ఆరింతలు దాటింది. ఆయన ఏమీ తీసుకోలేదు, ఏమీ పెరగలేదు. కింద నేల దిగిపోయింది.

మరునాటినుంచి ఉత్తరాలు. మునెమ్మ జీతం పెంచమని ఒకటి. లేదంటే తన జీతం తగ్గించమని ఒకటి. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి వచ్చింది, అలా తగ్గించడానికి నియమాల్లో అవకాశం లేదని. ఇంకో మూడు రాశారు. చివరికి ఎవరో ఫోన్ చేసి, “సార్‌కు ఆరోగ్యం బాగుందా?” అని నన్ను అడిగారు. బాగుందన్నాను. ఇంకేమని చెప్పను, ఆరోగ్యం ఉండబట్టే ఈ బాధ అని చెప్పనా?

“మీ జేబులోంచి ఆమెకు నెలనెలా కొంత ఇచ్చేయండి సార్, మీ మనసుకూ బాగుంటుంది, ఆమెకూ బాగుంటుంది” అన్నాను ఒకరోజు, వినలేక.

“అది దానమైతాది. దానం తీసుకుంటే ఆయమ్మ పొద్దున్నే నాకు దండం పెట్టల్ల. ఆయమ్మకు రావల్సింది సంబళం.”

మునెమ్మ గుమ్మం దగ్గర తడిబట్ట పిండుతోంది. వినపడినట్టుంది. లేచి నిలబడి అడిగింది.

“సార్, ఒక మాట అడగనా? మీ సంబళం తగ్గిస్తే నాకు ఏమొస్తాది?”

“నీకేం రాదు.”

“మరి యెందుకు సార్ తగ్గించమని రాస్తాండారు? నాది పెంచమని ఒకటే రాయండి. అందరూ ఆ మాటే రాస్తే బాగుంటాది గదా.”

“పెంచేది పైవాండ్ల చేతిలో ఉండాది మునెమ్మా. ఊరికే పెంచరు. నీ సంబళమూ వాండ్ల సంబళమూ ఒక కాడికి కట్టేస్తే, వాండ్లు ముందుకు పోవల్లంటే నిన్నూ లాక్కునే పోవల్ల. అందుకే.”

మునెమ్మ పిండిన బట్టను బకెట్టు అంచు మీద వేసింది. “ఆ కాడి కట్టేది ఎవురు సార్?” అంది.

ఆయన నవ్వారు.  మునెమ్మ బకెట్టు తీసుకుని వెళ్ళింది. నాకు ఆ పూట ఆమె మీద గౌరవం కలిగింది. నేను ఎనిమిదేళ్ళుగా అడగలేకపోయిన ప్రశ్నను బకెట్టు చేత్తో పట్టుకుని అడిగేసింది.

ఆ నెలాఖరుకు ఆయన ఒక కాగితం నా ముందు పెట్టి టైపు చేయమన్నారు. మళ్ళీ ఏ ఉత్తరమో అని చదవకుండానే మొదలుపెట్టాను. మూడో పంక్తి దగ్గర చేయి ఆగిపోయింది. స్వచ్ఛంద పదవీ విరమణ. ఆయనకింకా రెండున్నరేళ్ళ సర్వీసుంది.

“సార్, పింఛను తగ్గిపోతుంది” అన్నాను.

“తెలుసు.”

“ఇది... నా కోసమా సార్?” అని అడిగాను.

“నీ కోసం యెందుకు? నా సంబళం నా లెక్క దాటిపోయె. తగ్గించమంటే తగ్గించరంట. ఇంక ఉండేదానికి లేదు. అంతే.”

ఆఖరికి ఆయనకు కృతజ్ఞత చెప్పుకునే అవకాశం కూడా నాకివ్వలేదు. ఉత్తరం టైపు చేశాను. ఈసారి ఒక్క తప్పు లేకుండా చేశాను, ఆ సాయంత్రమే తపాలులో వేశాను. దాచాలన్న ఆలోచన రాలేదు. వచ్చిందని అబద్ధం చెప్పను.

మూడు నెలలకు ఆ కుర్చీలో కూర్చున్నాను. మొదటి జీతం రాగానే గొలుసు విడిపించుకున్నాను. పాప ఫీజు కట్టాను. నా జీతం మునెమ్మ జీతానికి ఎన్నింతలో నాకు తెలుసు. ఆమెకు పెంచమని ప్రతి ఏడూ ఏజెన్సీకీ, హెడ్డాఫీసుకూ రాస్తున్నాను. రెండుసార్లు కొద్దికొద్దిగా పెంచారు. నాది తగ్గించమని మాత్రం రాయలేదు. రాయను. పెద్దపెద్ద వాళ్ళకు, ఎనిమిదింతలు పదింతలు తీసుకునేవాళ్ళకు, ఎక్కడో ఒకచోట గీత గీయాలని ఇప్పుడు నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ గీత వాళ్ళ గుమ్మం ముందు గీయాలి గదా. ఆయన తెచ్చి చింతామణి గోదాములో, నా కాళ్ళ ముందు గీశారు.

తర్వాత ఒక్కసారే కనబడ్డారు, బాగేపల్లి బస్టాండులో. నేను అక్కడి శాఖకు పని మీద వెళ్ళాను. హోటలు ముందు ఎవరో ముసలి రైతుతో కాఫీ పంచుకుంటున్నారు. మనిషి చిక్కిపోయారు. చొక్కా భుజాల మీద వదులుగా ఉంది. నన్ను చూసి పలకరించకముందే నాకు తెలుసు ఏం అడుగుతారో.

“ఇప్పుడు సంబళం ఎంతమ్మా?”

“చెప్పను సార్” అన్నాను.

ఆయన గట్టిగా నవ్వారు. అంతకుముందు అలా నవ్వగా నేను చూడలేదు. “చెప్పొద్దులే. చెప్పేదానికి ఇష్టం లేదంటే లెక్క నీకు తెలుసునని అర్థం” అన్నారు. నా బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక కూడా ఆ మాట వదల్లేదు. బాగేపల్లి దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ లోపల్లోపల ఆయనతో పోట్లాడాను.

చావుకు వెళ్ళలేకపోయాను, ఆ రోజు తూకం ఆపడానికి లేదు. పదిహేను రోజుల తర్వాత ఆదివారం వెళ్ళాను. ఆయన ఊరు గూళూరు అవతల. బాగేపల్లిలో బస్సు మారి, గూళూరులో దిగి, ఆటోలో వెళ్ళాలి. దారంతా ఎండిన చేలు, బోర్లు వేసి వదిలేసిన గొట్టాలు. ఆయన భార్యను అంతకుముందు ఒకటి రెండుసార్లు చూశానంతే. వాకిట్లో ఆవులకు మేత వేస్తోంది. రెండు సీమ ఆవులు. పాలు డెయిరీకి పోస్తుంది. నేనెవరో చెప్పాను.

“తెలుసులేమ్మా, చింతామణి ఆఫీసు ఆయమ్మవి గదా. రా, కూకో” అని చాప వేసింది.

పెన్షను కాగితాలు నేనే తెచ్చాను, ఆమెకు రావలసిన కుటుంబ పింఛనుకు దరఖాస్తు నింపాలి. ఏయే చోట వేలిముద్ర, ఏయే చోట ఫొటో చెబుతుంటే ఆమె ఆపింది. “నాకు సంతకం వస్తాది” అంది. తన పేరు కన్నడంలో, తెలుగులో రెండింటిలోనూ రాసి చూపించింది. సిగ్గుపడ్డాను.

“ఇది ఎంత వస్తాది?” అని అడిగింది.

చెప్పాను. పెరగని జీతం మీద తగ్గిన పింఛను, అందులో సగానికి కొంచెం పైన. ఆమె తల ఊపింది. నాకు ఆగలేదు. ఆయన బడ్తి తీసుకుని ఉంటే ఎంత వచ్చేదో, రెండున్నరేళ్ళు ఆగి ఉంటే ఎంత వచ్చేదో చెప్పడం మొదలుపెట్టాను. నా కోపం ఆమెకు ఇవ్వాలని చూశానేమో.

“ఆ లెక్క వద్దులేమ్మా” అంది మెల్లగా. “నాకు తెలీదనుకుంటాండావా? మా వానికి ఇంజినీరింగు సీటు వచ్చె. డబ్బు చాల్లేదని డిప్లొమాలో చేర్పించె. వాడిప్పుడు గౌరీబిదనూరు పక్క ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాండాడు. మీ ఆఫీసులో బడ్తి వస్తాండాదని, ఈయప్ప వద్దని రాస్తాండాడని నాకు ఎప్పుడు తెలిసిందో తెలుసునా? వీఆర్ఎస్ తీసుకుని ఇంటికొచ్చినాక. ఎనిమిదేండ్ల తర్వాత.”

నేను నిర్ఘాంతపోయాను. నాకు కనీసం ఏటేటా తెలుసు. ఆమెకు అదీ లేదు.

“మీరు ఏమీ అనలేదా అమ్మా?”

“అన్నాను. మూడు దినాలు ఆయనతో మాట్లాడలేదు.” ఆవు తల తిప్పి గోలెంలో మూతి పెట్టింది. ఆమె దాని గంగడోలు నిమురుతూ నిలబడింది. “ఆయన చెప్పేది తప్పని నేను ఎప్పుడూ అనలేదమ్మా. పెద్దోళ్ళు వాళ్ళ సంబళం వాళ్ళే పెంచుకుంటారు, ఎవుర్నీ అడగరు అని ఊరంతా తిరిగి తిట్టె. మరి ఈయప్ప? మా సంబళం ఈయప్పే కోసేసె. నన్ను ఒక మాట అడిగినాడా, పిల్లోన్ని అడిగినాడా?”

నేను పెన్నుకు మూత పెట్టాను.

“అడిగింటే,” అంది ఆమె, “సరే అనే అనుందును.”

మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నిండు లోటా. తాగి, కాగితాలు సర్దుకుని, మళ్ళీ వస్తానని చెప్పి బయలుదేరాను. ఆటో రావడానికి ఆలస్యమైంది. రోడ్డు పక్క నిలబడి ఆమె మాటే తిప్పితిప్పి ఆలోచించాను. అడిగి ఉంటే ఆమె సరే అనేది. నమ్మాను. ఆమె అలాంటి మనిషిలాగే ఉంది.

నన్ను అడిగి ఉంటే? మొదటి ఏడే నన్ను పిలిచి, అమ్మా, నేను ఇలా అనుకుంటున్నాను, దీనివల్ల నీకు కుర్చీ రాదు, ఏమంటావు అని అడిగి ఉంటే?

వద్దనేదాన్ని. ఒక్క క్షణం ఆలోచించకుండా వద్దనేదాన్ని. ఇంటి ఖర్చుల గురించి, పాప చదువు గురించి చెప్పి, ఆయన ఒప్పుకునేదాకా వదిలేదాన్ని కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలుసు కాబట్టే నన్ను అడగలేదు, ఆమె కూడా వద్దంటుందనుకుని ఆమెనూ అడగలేదు. సరే అనే మనిషి ఒకరు ఇంట్లోనే ఉన్నారని మాత్రం ఆయనకు చివరిదాకా తెలియలేదు.